లారీ నేర్చుకోబోయే మన పిల్లలు, సంతకం పెట్టవలసిన రెండు కాగితాలు



ఈ మధ్య మన ఓ.పి. చీటీల వరుసలో ఏ జబ్బూ లేని కుర్రవాళ్లు కూడా నిలబడుతున్నారు. చేతిలో ఫారం 1ఏ అనే కాగితం ఉంటుంది. "డాక్టరుగారి సంతకం ఒక్కటి చాలండి, రేపే బయలుదేరాలి" అంటారు. ఎక్కడికి బాబూ అంటే, ఒక కంపెనీ తన ఖర్చుతో లారీ డ్రైవింగు నేర్పుతుందట, తిండి, పడక వాళ్లదేనట, నేర్చుకున్నాక ఉద్యోగం కూడా వాళ్లే ఇస్తారట.

పాతపట్నం, మెళియాపుట్టి, హిరమండలం, కొత్తూరు వైపు పదో తరగతితోనో ఇంటర్‌తోనో చదువు ఆపేసిన పిల్లలకు ఇది మంచి కబురే. మన జిల్లా వాళ్లు చెన్నై, హైదరాబాదు ఇళ్ల పనులకూ, గుజరాత్‌లో అలంగ్ ఓడల యార్డుకూ, అండమాన్‌కూ వలస పోవడం ఎన్నో ఏళ్లుగా చూస్తున్నాం. అలా పోయేవాడు కూలీగా పోతాడు, కూలీగానే తిరిగి వస్తాడు. చేతికి ఒక పని వచ్చి, జేబులో హెవీ లైసెన్సు ఉంటే ఆ తేడా వేరు. కనుక వెళ్లవద్దని మేము చెప్పడం లేదు.

కాని వెళ్లే ముందు ఈ పిల్లలు రెండు కాగితాల మీద సంతకం పెడతారు. ఒకటి ఆరోగ్యం గురించినది, రెండవది కంపెనీతో ఒప్పందం. మొదటిదానిలో మనవాళ్లు నిజం దాస్తున్నారు. రెండవదాన్ని చదవడమే లేదు. ఈ వ్యాసం ఆ రెండింటి గురించే.

క్లీనరు పని నుంచి శిక్షణ బడి దాకా

మన ప్రాంతంలో లారీ నేర్చుకోవడానికి నిన్న మొన్నటి దాకా ఒకే దారి ఉండేది. మేనమామ బండి మీదో, ఊరి డ్రైవరు బండి మీదో క్లీనరుగా ఎక్కాలి. టైర్లు కొట్టి గాలి చూడాలి, అద్దం తుడవాలి, టార్పాలిన్ కట్టాలి, వంట చేయాలి, రాత్రి బండి కిందే పడుకోవాలి. నాలుగైదేళ్లకు గురువు మనసు కరిగితే, ఖాళీ రోడ్డు మీద ఖాళీ బండి ఒక గంట చేతికి ఇచ్చేవాడు. సాలూరు వైపు చుట్టాలున్న వారికి ఇది కొత్త సంగతి కాదు. లారీలకు, లారీ బాడీలు కట్టే షెడ్లకు పేరుపడ్డ ఊరు అది. అక్కడి నుంచి ఘాటీ ఎక్కి ఒడిశాకు, రాయపూర్‌కు లోడులు వెళ్లే దారిలో ఎందరో డ్రైవర్లు అలాగే తయారయ్యారు.

ఆ పద్ధతిలో గురువు మంచివాడైతే శిష్యుడికి మంచి చెయ్యి వచ్చేది. గురువుకు ఉన్న అలవాట్లు కూడా వచ్చేవి. నిద్ర ఆపుకోవడానికి ఖైనీ, దిగుడులో డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలడం, ఒళ్లు నొప్పులకు రాత్రి ఒక క్వార్టరు. బండి నేర్పినవాడే ఇవీ నేర్పాడు.

శిక్షణ బడులు ఈ అలవాట్లు లేకుండా పని నేర్పాలని చూస్తాయి. లారీలు తయారు చేసే అశోక్ లేలాండ్ కంపెనీ తమిళనాడు ప్రభుత్వంతో కలిసి 1995లో నామక్కల్‌లో డ్రైవర్ల శిక్షణ సంస్థ పెట్టింది. తరువాత ఇంకా కొన్ని రాష్ట్రాలలో అటువంటివి వచ్చాయి. తెలంగాణలో సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో ఏర్పడిన సంస్థ కూడా అదే కంపెనీ భాగస్వామ్యంతో వచ్చినదే. మన రాష్ట్రంలో ఆర్టీసీ కూడా హెవీ డ్రైవింగు నేర్పే బడులు పెట్టింది. 2021 జూలై నుంచి కేంద్ర ప్రభుత్వం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకు కొత్త నిబంధనలు అమలులోకి తెచ్చింది. వాటిలో హెవీ బండి కోర్సు 6 వారాల్లో 38 గంటలు. అక్కడ ఉత్తీర్ణులైతే బ్రేకు ఇనస్పెక్టరు ముందు మళ్లీ బండి తోలి చూపించనక్కరలేదు.

ఇక సొంత లారీలు పదులూ వందలూ ఉన్న రవాణా కంపెనీలు కొన్ని శిక్షణ ఖర్చు తామే పెట్టుకొని, దానికి బదులు ఇంతకాలం మా దగ్గరే పనిచేయాలి అని రాయించుకుంటాయి. ఇది మన దేశంలోనే పుట్టిన పద్ధతి కాదు. అమెరికాలో పెద్ద లారీ కంపెనీలు చాలా కాలంగా ఇలాగే నేర్పుతున్నాయి. సుమారు ఒక ఏడాది ఉండాలి, మధ్యలో మానేస్తే శిక్షణ ఖర్చు తిరిగి కట్టాలి అన్నది అక్కడ మామూలు షరతు. ఇవి కాక మూడో రకం ఒకటుంది. ఏ కంపెనీ పేరో చెప్పి, ముందుగా "సీటు ఖర్చు" అని ఇరవై వేలో ముప్పై వేలో పట్టుకుపోయే మధ్యవర్తి. తన ఖర్చుతో నేర్పే కంపెనీ మీ దగ్గర డబ్బు ఎందుకు అడుగుతుందో ఒక్కసారి ఆలోచించండి.

వయసు లెక్క కూడా ముందే చూసుకోవాలి. 18 ఏళ్లకు కారు, జీపు వంటి తేలిక బండ్ల లైసెన్సు వస్తుంది. ఆ లైసెన్సు కనీసం ఏడాది పాతదైతేనే రవాణా బండికి ఎల్.ఎల్.ఆర్. ఇస్తారు. రవాణా బండి నడపడానికి 20 ఏళ్లు నిండాలి. 1988 మోటారు వాహనాల చట్టం చెప్పే మాట ఇది. కనుక పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి "నెలలో హెవీ లైసెన్సు" అని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఎనిమిదో తరగతి పాసు కావాలన్న నియమం మాత్రం 2019లో తీసేశారు. బడి ముఖం చూడని పిల్లలకూ దారి తెరుచుకున్నది. అయినా రోడ్డు మీద బోర్డులు, లోడు కాగితాలు చదవడం రాకపోతే రోజూ అవస్థే. ఈ రెండేళ్ల వ్యవధిలో రాత్రి బడికి పంపినా నష్టం లేదు.

మొదటి కాగితం

లైసెన్సు కోసం రెండు ఆరోగ్య ఫారాలు ఉంటాయి. ఫారం 1 మీద అభ్యర్థి తానే తన ఆరోగ్యం గురించి రాసి సంతకం చేస్తాడు. ఫారం 1ఏ డాక్టరు పరీక్షించి ఇచ్చేది. అడిగేవి పెద్ద ప్రశ్నలు కావు. మూర్ఛ గాని, ఉన్నట్టుండి స్పృహ తప్పడం గాని, కళ్లు తిరగడం గాని ఉన్నదా? మంచి పగటి వెలుగులో 25 మీటర్ల దూరం నుంచి బండి నంబరు ప్లేటు చదవగలడా? రేచీకటి ఉన్నదా? మామూలు హారను వినబడుతుందా? చేయి, కాలు సరిగా ఉన్నాయా?

ఇరవై ఏళ్ల కుర్రవాడికి ఇవన్నీ లాంఛనం అనిపిస్తుంది. చాలామందికి లాంఛనమే. కాని ఈ ప్రశ్నలకు "లేదు, లేదు, లేదు" అని గబగబా గీతలు పెట్టినవారిలో కొందరి పాత చీటీలు మన రికార్డు గదిలోనే ఉంటాయి.

ముందు మూర్ఛ గురించి. ఎక్కువ బాధ కలిగించేది అదే. చిన్నప్పుడు ఫిట్సు వచ్చి, మాత్రలు వాడి, మూడు నాలుగేళ్లుగా రాలేదు కనుక పోయింది అనుకుంటారు. లేదా ఇంకా మాత్ర వేసుకుంటూనే, శిక్షణకు వెళ్లే పిల్లవాడి సంచిలో మాత్రలు కనబడితే పంపించేస్తారేమోనని అమ్మే ఆ మాత్రలు తీసేస్తుంది. ఇంతకంటే ప్రమాదం ఇంకొకటి లేదు. ఫిట్సు మాత్రలు ఒక్కసారిగా ఆపితే, అంతకుముందు లేనంత గట్టిగా, ఒకదాని వెంట ఒకటి మూర్ఛలు రావచ్చు. దానికి శిక్షణలో ఉండే నిద్రలేమి తోడవుతుంది. నిద్ర చాలకపోవడం మూర్ఛను పిలిచి తెచ్చే కారణాలలో ముఖ్యమైనది. ఇరవై టన్నుల బండి స్టీరింగు ముందు అది వస్తే పోయేది ఒక్క ప్రాణం కాదు.

కనుక ఆ కుటుంబాలకు మేము చెప్పేది కష్టమైన మాటే. మూర్ఛ ఉన్న పిల్లవాడికి లారీ వద్దు. దాచి సంతకం పెట్టించమని డాక్టరును గాని, సిస్టరును గాని అడగవద్దు. అయితే లారీ వ్యాపారంలో స్టీరింగు పని ఒక్కటే లేదు. లోడు లెక్క రాసేవారు, బుకింగు ఆఫీసులో కూర్చునేవారు, బండ్లు ఎక్కడున్నాయో కంప్యూటరులో చూసేవారు, విడిభాగాల దుకాణం చూసుకునేవారు, వీరందరూ అందులోనే బ్రతుకుతున్నారు. అబ్బాయికి ఈ పని ఎందుకు కాదో చెప్పి, ఏది అవుతుందో కూడా చెప్పి పంపితేనే ఇంట్లో గొడవ తగ్గుతుంది. మాత్రలు మాత్రం ఎవరూ సొంతంగా ఆపరాదు.

కళ్ల విషయం ఇంత బాధాకరం కాదు. కళ్లద్దాలు పెట్టుకొని చదవగలిగితే చాలు, లైసెన్సుకు అడ్డులేదు. కళ్లద్దాలు పెట్టుకుంటే సీటు పోతుందని, నాజూకుగా కనబడదని అద్దాలు ఇంట్లో వదిలి వెళ్లేవారు ఉన్నారు. ఇంటి దగ్గరే చూసుకోవచ్చు: ఆగి ఉన్న బండి నంబరు ప్లేటు నుంచి ముప్పై మూడు, ముప్పై నాలుగు అంగలు వెనక్కి వేసి నిలబడి చదవండి. ఒక కన్ను మూసి, తరువాత రెండవది మూసి కూడా చదవండి. ఎరుపు, ఆకుపచ్చ రంగులు కలిసిపోయినట్లు కనిపించడం కొందరు మగపిల్లలకు పుట్టుకతో వచ్చే లోపం. దానికి మందు లేదు. ఒకప్పుడు అది ఏ కొంచెం ఉన్నా లైసెన్సు వచ్చేది కాదు. 2020 జూన్‌లో నిబంధన మార్చి, తక్కువ, మధ్యస్థంగా ఉన్నవారికి అనుమతి ఇచ్చారు. తీవ్రంగా ఉంటే ఇప్పటికీ ఇవ్వరు. లారీ డ్రైవర్ల కంటిచూపు కోసం సైట్‌సేవర్స్ సంస్థ 2017లో రాహీ అనే కార్యక్రమం మొదలుపెట్టి, హైవేల దగ్గర పరీక్షించి కళ్లద్దాలు ఇస్తూ వచ్చింది. ఏళ్ల తరబడి బండి తోలుతున్నవారికే అది కావలసి వచ్చింది. కొత్తగా వెళ్లేవారు మొదటి రోజే చూపించుకుంటే మంచిది కదా.

ఫారంలో లేకపోయినా మేము అడిగేవి మరికొన్ని ఉన్నాయి. షుగరు ఉందా? ఇన్సులిన్ తీసుకునే కుర్రవాడు భోజనం వేళ తప్పితే చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడి, చివరకు స్పృహ తప్పవచ్చు. లోడు ఆలస్యమైతే భోజనం తప్పడం లారీలో రోజూ ఉండేదే. అటువంటివారు జేబులో బెల్లం ముక్కో గ్లూకోజో లేకుండా బండెక్కకూడదు. మొదట డాక్టరుతో కూర్చుని మాట్లాడాలి. సవర, జాతాపు కుటుంబాల పిల్లలైతే సికిల్ సెల్ పరీక్ష ఒకసారి చేయించండి. ఆ జబ్బు ఉన్నవారికి ఎండ, నీళ్లు తాగకపోవడం, అలసట కలిస్తే ఒళ్లంతా భరించరాని నొప్పి పుడుతుంది. అది కాబిన్‌లో తగ్గేది కాదు.

కాబిన్ లోపల మొదటి నెలలు

శిక్షణలో మొదటి రోజులు బండి తోలడం కన్నా చూడటమే ఎక్కువ. బండి చుట్టూ తిరిగి టైర్లు, లైట్లు, నూనె, నీళ్లు చూడాలి. గాలి బ్రేకుల బండి అయితే గడియారం ముల్లు సరిపడా గాలి చూపించేదాకా కదపరాదు. డ్రైవరుకు కనబడని చోట్లు ఏవో, బండికి ఎడమ పక్క ఎంత భాగం అద్దంలో పడదో తెలుసుకోవాలి. వెనక్కి నడపడం వారాల తరబడి చేయిస్తారు. విసుగు పుడుతుంది. మావయ్య దగ్గర అయితే ఈపాటికి హైవే ఎక్కేవాణ్ణి అనుకుంటాడు కుర్రవాడు. ఆ విసుగులోనే కొందరు ఇంటికి వచ్చేస్తున్నారు. ఆ పదిహేను రోజులు ఓర్చుకోమని ముందుగానే చెప్పి పంపండి. సాలూరు ఘాటీ వంటి దిగుడులో తక్కువ గేరులోనే దిగాలి, న్యూట్రల్ చేయరాదు అన్న పాఠం అక్కడే చేతికి అలవాటవుతుంది.

ఇక నిద్ర. రాత్రి రెండు నుంచి ఐదు గంటల మధ్య మనిషి ఒళ్లు తనంత తాను నిద్ర కోరుతుంది. మధ్యాహ్నం భోజనం తరువాత రెండు నుంచి నాలుగు మధ్య కూడా కొంత. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి నాలుగు సెకన్లలో 66 మీటర్లు ముందుకు పోతుంది. కునుకు నాలుగు సెకన్లు పట్టిందని ఆ డ్రైవరుకు తెలియను కూడా తెలియదు. అద్దం దించడం, పాటలు పెట్టడం, ముఖం కడగడం, ఇవేవీ నిద్రను పోగొట్టవు, కాసేపు మరిపిస్తాయి అంతే. నిద్రకు మందు నిద్రే. బండి పక్కకు తీసి, టీ తాగి, వెంటనే ఇరవై నిమిషాలు కన్ను మూస్తే లేచేసరికి టీ కూడా పనిచేస్తుంది. అది కొంత దూరానికి పనికివస్తుంది గాని ఏడెనిమిది గంటల నిద్రకు బదులు కాదు. గట్టిగా గురక పెట్టి, నిద్రలో ఊపిరి ఆగినట్లై, పగలంతా తూగే మనిషి డాక్టరుకు చూపించుకోవాలి. మెలకువ కోసం ఎవరైనా దాబా దగ్గర మాత్ర ఇస్తే వద్దని చెప్పాలి. మందు తాగి నడపడం గురించి చట్టం చెప్పే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. మొదటిసారి దొరికితే పది వేల రూపాయల జరిమానా, ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. రాత్రి తాగినది తెల్లారేసరికి దిగిపోయింది అనుకోవడం కూడా పొరపాటే.

ఎండ సంగతి మన జిల్లావారికి వేరే చెప్పాలా? ఇంజను వేడి, బయటి వేడి కలిసి కాబిన్ పొయ్యిలా ఉంటుంది. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలకు డ్రైవరు కాబిన్‌లో ఏ.సి. తప్పనిసరి చేశారు. కాని రోడ్డు మీద ఉన్న బండ్లలో ఎక్కువ అంతకుముందువే. బండి ఆపవలసి వస్తుందని నీళ్లు తాగరు, తాగినా మూత్రం బిగబడతారు. రాళ్లు, మంటలు అలా మొదలవుతాయి. దానికి తోడు నడుము నొప్పి అని దుకాణంలో అడిగి నొప్పి మాత్రలు రోజూ మింగుతారు. ఒంట్లో నీరు తక్కువైనప్పుడు నొప్పి మాత్రలు కిడ్నీలను నేరుగా దెబ్బతీస్తాయి. మనకు పక్కనే ఉద్దానం ఉంది. పలాస, కవిటి, సోంపేట, కంచిలి ఊళ్లలో కిడ్నీ జబ్బుతో పోయినవారి ఇళ్లు మీలో చాలామందికి తెలుసు. ఆ వైపు నుంచి శిక్షణకు వెళ్లే ప్రతి కుర్రవాడూ వెళ్లే ముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ పరీక్ష చేయించుకోవాలని మేము గట్టిగా చెబుతాం. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీళ్లు సరిపోతున్నట్లు. ముదురు రంగుకు వస్తే తాగాలి.

నడుము గురించి ఒక్క మాట. కాబిన్ మీద నుంచి దూకవద్దు. రెండు చేతులు, ఒక కాలు, లేదా రెండు కాళ్లు, ఒక చెయ్యి ఎప్పుడూ బండిని పట్టుకొని ఉండేలా, బండివైపు ముఖం పెట్టి దిగాలి. కుర్రతనంలో దూకిన దూకుళ్లకు నడుము నలభై ఏళ్లప్పుడు బదులు చెబుతుంది.

ఇంకొక సంగతి పెద్దలు మాట్లాడటానికి మొహమాటపడేది. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉండే పనిలో తప్పటడుగులు పడటం ఉంది. అది భార్యకు, పుట్టబోయే బిడ్డకు కూడా అంటే జబ్బు కావచ్చు. పిల్లవాడికి ఈ మాట తండ్రో, మేనమామో నోరు తెరిచి చెప్పాలి. కండోము గురించి కూడా చెప్పాలి. అనుమానం ఉంటే ప్రభుత్వ ఆసుపత్రుల్లో హెచ్.ఐ.వి. పరీక్ష, మందులు ఉచితం. పేరు బయటకు రాదు. ఉద్యోగం ఇవ్వడానికి హెచ్.ఐ.వి. పరీక్ష తప్పదని పట్టుబట్టకూడదని, జబ్బు ఉందని పనిలోంచి అన్యాయంగా తీసేయకూడదని 2017లో చేసిన చట్టం చెబుతోంది.

రెండవ కాగితం

ఒప్పంద పత్రం చాలాసార్లు ఇంగ్లీషులో ఉంటుంది. శిక్షణ చేరే రోజు గేటు దగ్గర, పదిమందితో పాటు వరుసలో నిలబడి సంతకం పెడతారు. అక్కడ చదవడం కుదరదు. కనుక ముందుగానే నకలు తెప్పించుకొని ఇంట్లో చదివించుకోండి. సంఘంలో టీచర్లు, బ్యాంకులో పనిచేసేవారు ఉన్నారు. చదివిపెట్టమంటే కాదనరు.

అందులో వెతకవలసినది ముఖ్యంగా డబ్బు సంగతి. ఎంతకాలం పనిచేయాలని ఉంది? ఆ కాలం శిక్షణ మొదలైన రోజు నుంచా, లైసెన్సు వచ్చిన రోజు నుంచా? మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, పనిచేసిన నెలలకు అందులో తగ్గింపు ఉందా? శిక్షణ నెలల్లో చేతికి ఏమైనా ఇస్తారా? జీతం ఎంత, ట్రిప్పు బత్తా ఎంత? లోడు తరుగు, టైరు పంక్చరు, పోలీసు జరిమానా ఎవరి మీద పడుతుంది? పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ., ప్రమాద బీమా ఉన్నాయా? ముఖ్యంగా మన ఆసుపత్రి తరఫున మేము అడిగేది: జబ్బు చేసి, లేదా డాక్టరు పనికిరాడని చెప్పి మానవలసి వస్తే అప్పుడు కూడా ఆ డబ్బు కట్టాలా? ఈ చివరి ప్రశ్నకు జవాబు కాగితం మీద లేకపోతే, రాయించుకోండి. ఆ భయంతోనే పిల్లలు జబ్బు దాచి బండి తోలుతూ ఉంటారు.

బాండు పేపరు ఉత్త బెదిరింపే, కోర్టులో చెల్లదు అని కొందరు ధైర్యం చెబుతారు. అది నిజం కాదు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు కేసులో, మూడేళ్ల లోపు మానేస్తే రెండు లక్షల రూపాయలు కట్టాలన్న షరతు చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. అలాగని ఎంత రాస్తే అంతా వసూలు చేయవచ్చని కాదు. కాంట్రాక్టు చట్టం ప్రకారం కోర్టు న్యాయమైన నష్టపరిహారమే ఇప్పిస్తుంది. మనిషిని బలవంతంగా పనిలో ఉంచే హక్కు ఏ కాగితమూ ఇవ్వదు. పదో తరగతి సర్టిఫికెట్టు, లైసెన్సు అసలువి అప్పగించవద్దు, నకళ్లు ఇవ్వండి. లైసెన్సు ఫోనులో డిజిలాకరులో ఉంచుకుంటే తనిఖీలో చెల్లుతుంది. తగాదా వస్తే ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరుకు ఫోను చేయవచ్చు.

పని గంటల గురించి కూడా అడగండి. 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం చేసినప్పుడే రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాశారు. దూర ప్రయాణాలకు 10 గంటలు, 54 గంటల వరకు వెసులుబాటు ఇచ్చారు. ఐదు గంటలు తోలాక కనీసం అరగంట విశ్రాంతి అన్నారు. రోడ్డు మీద ఇది ఎంత అమలైందో డ్రైవర్ల కుటుంబాలకే తెలుసు. అయినా పెద్ద కంపెనీ తన పేరు చూసుకుంటుంది కనుక అడిగితే జవాబు చెబుతుంది. జవాబు చెప్పని చోటు ఎలాంటిదో కూడా అడిగితేనే తెలుస్తుంది.

ఇంట్లో ఉండేవారికి

కుర్రవాడు వెళ్లిన మరునాటి నుంచి అమ్మ ఫోను మొదలవుతుంది. "తిన్నావా నాన్నా?" ఈ మాటలో తప్పేమీ లేదు. కాని ఆ ఫోను మోగినప్పుడు అతను నరసన్నపేట జంక్షన్ వంటి చోట మలుపు తిరుగుతూ ఉండవచ్చు. అమ్మ ఫోను కదా అని ఎత్తుతాడు. మీరు చేయకండి, అతన్నే చేయమనండి. బండి ఆపాక, ఫలానా వేళ అని ఒక మాట అనుకోండి. ఆ వేళ దాటితే కంగారుపడి పది సార్లు చేయవద్దు, లోడు దగ్గర ఆలస్యం అయి ఉంటుంది.

సీటు వచ్చిందనగానే జీతం లెక్కవేసి అప్పు తెచ్చేవారున్నారు. అక్క పెళ్లికో, ఇంటి శ్లాబుకో. ఆ అప్పు నెలనెలా కట్టాలంటే పిల్లవాడు ఒక ట్రిప్పు తరువాత నిద్రపోకుండా ఇంకొక ట్రిప్పు ఎక్కుతాడు. మొదటి ఏడాది అతని జీతం మీద అప్పు చేయకుండా ఉండగలిగితే, అతను నిద్రపోగలుగుతాడు.

రోడ్డు మీద ప్రమాదం జరిగితే ఏమి చేయాలో కూడా వెళ్లే ముందు చెప్పండి. పారిపోకుండా 108కి ఫోను చేయడం, దెబ్బ తగిలినవారిని ఆసుపత్రికి చేర్చడం డ్రైవరు బాధ్యత. గుంపు భయం ఉంటే దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్లి చెప్పవచ్చు. 2025లో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి నిర్ణీత ఆసుపత్రుల్లో ఏడు రోజుల వరకు, లక్షన్నర రూపాయల దాకా నగదు కట్టకుండా చికిత్స ఉంటుంది. డ్రైవరుకు తగిలినా అదే వర్తిస్తుంది.

ఫారం 1ఏ కోసం వచ్చేవారికి: బయలుదేరే ముందు రోజు కాక, కనీసం రెండు వారాల ముందు రండి. కళ్లద్దాలు ఉంటే పెట్టుకొనే రండి. పాత చీటీలు, వాడే మాత్రల అట్టలు, ఫోటో తెచ్చుకోండి. ఉదయం పరగడుపున వస్తే షుగరు, క్రియాటినిన్ రక్తం ఒకేసారి తీస్తారు. కంపెనీ ఒప్పందం నకలు దొరికితే అది కూడా వెంట తెండి, ఆరోగ్యం గురించి అందులో ఏమి రాశారో కూర్చుని చదువుదాం.